అచ్యుతాపురము బాట

అనకాపల్లి యనగానే బెల్లము స్ఫురించుట తెలుగువారి కెల్లరకును పరిపాటి. 1913లో చెరకు పరిశోధనకేంద్ర మిచ్చట నెలకొన్నది. ఇచ్చటినుండి మునగపాక మీదుగా అచ్యుతాపురమునకు బోవు బాట చిరకాలము రైతుల బాట. బెల్లపు దిమ్మలు బజారునకు వచ్చిన బాట.

నేడా బాట స్వరూపము మారినది. అచ్యుతాపురమున ప్రత్యేక ఆర్థికమండలి యేర్పడినది. సింహళదేశీయుల బ్రాండిక్సు వస్త్రనగరమును, ఔషధ కర్మాగారములును వెలసినవి. వస్త్రనగరమున పనిచేయువారిలో అధికసంఖ్యాకులు స్త్రీలే. వారి బస్సులును, సరకుల లారీలును, రైతుల బండ్లును ఒక్క బాటనే పంచుకొనుచున్నవి.

మేము పరిశ్రమలకు విరోధులము కాము. పల్లెటూరి యాడుబిడ్డ యింటిపట్టుననుండి జీతము గడించుట దేశమునకు మేలే. కాని 2024 ఆగస్టు 21వ తేదీని అచ్చటి యొక ఔషధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి 17 మంది మరణించిరి. గాయపడినవారిలో గొందరిని అనకాపల్లి యాసుపత్రికి దెచ్చిరి. అట్టి వేళ బాటయే ప్రాణము.

బాట విస్తరణమును గూర్చి ముచ్చటించువారు లారీల నెన్నుదురు, నడచువారి నెన్నరు. కాలిబాటలు, రాత్రి దీపములు, కర్మాగారముల చెంతనే సర్వసన్నద్ధమైన యాసుపత్రి, స్థలము గోల్పోవు చిల్లర వర్తకులకు న్యాయమైన పరిహారము—ఇవి దయాధర్మములు కావు, హక్కులు. పూర్వము మొర పెట్టుకొనుటకు విశాఖపట్టణము పోవలసియుండెను. 2022లో అనకాపల్లియే జిల్లా ముఖ్యపట్టణమైనది. ఇక దూరమను సాకు చెల్లదు. పౌరులు మేల్కొని యడుగుదురు గాక!