గీతలు చూసి చాకు కొనొద్దు

భిలాయి వాసులకు ఉక్కు గురించి వేరే చెప్పక్కర్లేదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైనప్పటి నుంచీ ఈ ఊరు ఉక్కుతోనే బతుకుతోంది. పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇక్కడ ఎన్నో. అయినా అలల గీతలున్న చిన్న చాకును ‘డమాస్కస్ స్టీల్’ అని చూపిస్తే మనమూ ముచ్చటపడి, మామూలు కార్బన్ స్టీలు చాకు కంటే ఎంతో ఎక్కువ ధర పెడుతున్నాం. నా దృష్టిలో ఆ అదనపు సొమ్ము అందానికే తప్ప కోతకు కాదు.

అసలు డమాస్కస్ ఉక్కు వేరు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తయారైన ఉక్కు ముద్దల కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారు. అలాంటి ఉక్కులో కార్బన్ సుమారు 1.5 శాతం. వనాడియం వంటి మూలకాలు లేశమాత్రంగా ఉండటంతో కార్బైడ్ రేణువులు బారులు తీరి గీతలయ్యేవని జాన్ వెర్‌హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే పరిశోధనలు చెబుతున్నాయి.

ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి ఎక్కువగా రెండు రకాల ఉక్కు రేకులను కొలిమిలో అతికి, మడిచి, సాగగొట్టినవి. ఒక రకంలో సాధారణంగా నికెల్ ఉంటుంది. ఆమ్లంలో ముంచితే అది తెల్లగా మెరుస్తుంది, రెండోది నల్లబడుతుంది. అయితే అతికే వేడికి కార్బన్ పొరల మధ్య త్వరగా సర్దుకుంటుంది, నికెల్ మాత్రం కదలదు. అందుకే గీతలు మిగిలినా, అంచు దాదాపు ఒకే కార్బన్ ఉన్న ఉక్కులాగే కోస్తుంది. కొన్ని చవక చాకుల మీదైతే గీతలు పైపైన చెక్కినవే.

మూడంగుళాల చాకుకు కావలసింది తగినంత కార్బన్, సరైన పదను, పలుచని అంచు. 0.95 శాతం కార్బన్ ఉన్న సాదా ఉక్కును దాదాపు 800 డిగ్రీల సెల్సియస్‌కు కాచి, నూనెలో ముంచి, మళ్లీ 200 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మంచి చాకు తయారవుతుంది. ఈ పని సరిగా జరగకపోతే ఎన్ని పొరలున్నా టమాటా తొక్క తెగదు. తడి తుడవకపోతే రెండూ తుప్పు పడతాయి.

భిలాయిలో తయారయ్యే రైలు పట్టాలదీ గీతల్లేని కార్బన్ ఉక్కే. దేశం బరువును అవే మోస్తున్నాయి.

అందం కోసం కొంటే తప్పులేదు. కానీ అమ్మేవారు ఏ ఉక్కు వాడారో, కాఠిన్యం ఎంతో చాకు పెట్టె మీద ముద్రించాలి. అది లేనప్పుడు, పదను పెట్టడం తెలిసిన కమ్మరి దగ్గర సాదా చాకు చేయించుకోవడమే మేలు.