సభలకు వచ్చువారికి సీమదర్శనము

కార్తికము మొదలుకొని మాఘము వెళ్లువఱకును కర్నూలు, కడప పట్టణములలో సభల కాలము. వైద్యుల సభలు, అధ్యాపకుల సభలు, ఉద్యోగుల సంఘములు, సాహిత్య సదస్సులు. ఒకటి ముగియకమునుపే వేఱొకటి. ఆహ్వానపత్రికను త్రిప్పి చూచినచో అడుగున నొక పంక్తి తఱచుగా కానవచ్చును: మూడవనాడు ప్రతినిధులకును వారి కుటుంబములకును దర్శనీయస్థలముల సందర్శనము. ఆ పంక్తిని చూచియే భర్తతోడ బయలుదేరు సోదరీమణులు పెక్కండ్రు గలరు. తామే ప్రతినిధులై వచ్చు స్త్రీలసంఖ్యయు నేడు తక్కువది కాదు. ఈ మాసమున ఆ మూడవనాటిని గూర్చి కొంత వ్రాయ దలచితిని.

ఇటీవల నొక సభవారి కరపత్రము నాకంట బడినది. అందు ఉదయము ఉద్యానవిహారము, సాయంకాలము ఎడారి సందర్శనము అని అచ్చువేసి యున్నది. ఉద్యాన మనగా ఓర్వకల్లు రాతివనము. ఎడారి యనగా గండికోట చుట్టుపట్ల నేల! మొదటిమాటకు నవ్వుకొంటిని. రెండవమాట మాత్రము మనసున ముల్లువలె నిలిచినది.

ఎడారి యని శాస్త్రజ్ఞులు సాధారణముగా ననునది ఏడాదికి 250 మిల్లీమీటర్లకు లోబడి వాన కురియు నేలను. కర్నూలు, కడప సీమలలో సగటున 600 మిల్లీమీటర్లకు పైగానే కురియును. కురియుట కురియును గాని, కురియవలసిన నాడు కురియదు. అదియే మన బాధ. విత్తనము వేసిన పిమ్మట నెలదినములు మొగము చాటువేసి, కోతకు వచ్చిన చెనిక్కాయ చేనిపై ఒక్కరాత్రి కుండపోతగా పడిపోవును. ఇట్టి నేలను ఎడారి యని పిలిచినచో, వచ్చినవారు ఇక్కడ నేమియు పండదనియు, ఇక్కడివారి కేమియు తెలియదనియు తలచి పోదురు. పేరులో నేమున్నదని యనరాదు. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన జిల్లా లగుటచే దత్తమండల మని మనకు పే రేర్పడెను. ఆ యవమానకరమైన పేరును విడిచి రాయలసీమ యని పిలువవలెనని చిలుకూరి నారాయణరావుగారు ప్రతిపాదించినది 1928లో నంద్యాలలో జరిగిన సభలలోనే. సభవలన గౌరవమైన పేరు దొరకిన సీమకు, ఇప్పటి సభలవారు కరపత్రములో ఎడారి యని పేరు పెట్టుట భావ్యమా?

ఇక స్థలముల మాట. కర్నూలునుండి నంద్యాల పోవు దారిలో ఓర్వకల్లు వద్ద పలుగురాళ్ల గుట్టలు ఎండకు, గాలికి, వానకు అరిగి వింతవింత రూపములు దాల్చి యున్నవి. నడుమ నీటిమడుగు లుండుటచే చూచుటకు ముచ్చటగా నుండును. 2021లో విమానాశ్రయముకూడ ఓర్వకల్లువద్దనే తెఱువబడుటచే దూరమునుండి వచ్చువారు మొదట నిక్కడనే దిగుచున్నారు. ఒక గంట చాలును. పూలతోట యనుకొని పూలజడలతో పోయిన బాలిక లెవరైన నిరాశ పడినచో ఆ తప్పు కరపత్రమువారిది.

నిజముగా తోటలే చూడవలెనన్నచో మహానందికి పోవలెను. కొండయడుగున ఊరెడి ఊట కోనేటినుండి వెలువడి చుట్టునున్న అరటితోటలకు పాఱుచుండును. వేసవిలో బనగానపల్లె పోయినచో, ఏ మామిడిపండు దేశమంతటను ఆ యూరి పేరుతో పిలువబడుచున్నదో దాని పుట్టినింటిని చూడవచ్చును. ఆ పండునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. కాని సభలు శీతకాలమునను, పండ్లు వైశాఖమునను! ఈ చిక్కు నే కార్యదర్శియు తీర్పలేడు. 2022లో జిల్లాలు విభజింపబడిన పిమ్మట మహానంది, బనగానపల్లె, యాగంటి, బెలుము నంద్యాలజిల్లాలోనికి పోయినవి గాని, దారులు మాఱలేదు.

బెలుము గుహలను గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయన, సోదరీమణులు కష్టపడునది అక్కడనే. కర్నూలునుండి నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరము. సున్నపురాతి నేలలో భూగర్భజలము వేలయేండ్లు ప్రవహించి తొలిచిన దారులవి. రాబర్టు బ్రూసు ఫూటు దొరగారు 1884లో వీనిని గూర్చి వ్రాసిరి. 1982, 83 సంవత్సరములలో జర్మనీ గుహాన్వేషకులు లోపల కొలతలు తీసిరి. 3,229 మీటర్ల పొడవున్న దారులలో సుమారు సగభాగమును సందర్శకుల కొఱకు 2002లో తెఱచిరి. లోపల దీపములు గలవు. గొట్టములద్వారా గాలి పంపుచుందురు. అయినను ఉక్క విపరీతము. ఉబ్బసము గలవారు, నిండుచూలాండ్రు, మోకాళ్లనొప్పుల పెద్దవారు పాతాళగంగవఱకు దిగ బూనరాదు; ద్వారమువద్ద నీడను కూర్చుండుటలో చిన్నతన మేమియు లేదు. పట్టుచీర కట్టుకొని పోరాదు. నూలుచీర, జాఱని చెప్పులు, చేతిలో నీరు, ఇవి చాలును.

మన వంటయింటి గట్టుమీద పఱచిన నల్లని కడపరాయి ఈ సున్నపురాతి బంధుకోటిలోనిదే. ఈ రాళ్ల పొరలకు భూగర్భశాస్త్రజ్ఞులు కడప పేరే పెట్టినారు. 1872లో విలియము కింగుగారు వ్రాసిన గ్రంథము మొదలు నేటివఱకును పరిశోధకులు వాని వయస్సును లెక్కించుచునే యున్నారు. అడుగుపొరలు నూఱుకోట్ల సంవత్సరములకు పైబడినవి. పప్పు రుబ్బుకొను గృహిణికి ఈ మాట చెప్పినవా రున్నారా? గుహలో దీపము చూపు కుఱ్ఱవాడైనను చెప్పడు.

బెలుమును గండికోటను ఒక్కదినముననే చూపెదమని కొందఱు కార్యదర్శులు పంతము పట్టుదురు. మూడవది యాగంటి! ఫలితము, అన్నింటను బస్సు దిగుట, ఎక్కుట. దినమునకు రెండు స్థలములకు మించరాదని నా యభిప్రాయము. గండికోటకు మధ్యాహ్నము మూడుగంటల వేళకు చేరవలెను. పెన్నానది ఎఱ్ఱని కొండను నిలువున కోసికొని పోయిన ఆ గండి సాయంకాలపు వెలుతురులో చూడదగినది. పిల్లలను చేయి విడువరాదు. పెమ్మసాని నాయకు లేలిన కోట యిది. 1650లో మీర్ జుమ్లా వశమయ్యెను. వజ్రవర్తకుడైన టావెర్నియరు 1652లో నిక్కడికి వచ్చి అతనిని కలిసికొనెను. మాధవరాయస్వామి యాలయము, జుమ్మామసీదు, ధాన్యాగారము దగ్గఱదగ్గఱనే యున్నవి. కోటలో కత్తులకోనేరు, రాయలచెఱువు గలవు. ఆ చెఱువు నీటిని గొట్టములలో తెచ్చి తోట పెంచిరని చెప్పుదురు. కొండకొమ్మున తోట! నీరు తక్కువైన చోటనే నీటియందు నేర్పు పెరుగును.

గండికోటవద్ద పెన్నలో నేడు నీరు నిండుగా కానవచ్చినచో అది జలాశయముల చలువ. ఆ జలాశయము నింపుటకై తాళ్లప్రొద్దుటూరు మొదలగు గ్రామములవారు 2020లో ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. గండియంచున నిలిచి ఫోటోలు తీసికొనువారికి ఈ సంగతియు ఒకమాట చెప్పుట న్యాయము. తులసికోటను పెకలించుకొని పోయిన ఇల్లాండ్రు ఆ చుట్టుపట్లనే క్రొత్త కాలనీలలో నున్నారు.

యాత్రాపట్టికలలో నేనెన్నడును చూడనిది పోరుమామిళ్ల చెఱువు. కడపజిల్లాకు వచ్చిన విద్యావంతులకు మొదట చూపవలసినది అదియే యందును. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరభవదూరుడు 1369లో ఆ చెఱువును కట్టించి, శాసనము వేయించెను. రెండేండ్లపాటు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు పనిచేసినట్లు ఆ శాసనమున గలదు. అంతకంటె విశేషము, మంచి చెఱువున కుండవలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆఱు దోషములును అందు చెప్పబడి యున్నవి. ధర్మబుద్ధి గల పాలకుడు, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి బంకనేల, తియ్యని నీటి యేఱు, ఇరుప్రక్కల కొండ, ఆ కొండల నడుమ మఱీ పొడవుగాని రాతికట్ట, చేరువలో రాతిగని, దిగువ చదునైన పంటపొలము, పని తెలిసిన పనివారు. ఈ తీరున ఆ జాబితా సాగును. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేర యగుట, చెఱువు నడుమ మెరక యుండుట, నీరు కొంచెమై పొలము విస్తార మగుట, నీరు విస్తారమై పొలము కొంచె మగుట, ఇవి దోషములు.

పొలిమేరను చెఱువు కట్టరాదని ఆఱువందల యేబది యేండ్లకు పూర్వమే గుర్తించినారు! నదీజలములకై రాష్ట్రములు న్యాయస్థానముల చుట్టు తిరుగు ఈ కాలమున ఆ మాట చదివినచో ఆశ్చర్యము కలుగును. నీరు కొంచెము, పొలము విస్తారము అను దోషమును మనము గొట్టపుబావులతో కప్పిపుచ్చ జూచితిమి. అవి యెండుటయు చూచుచున్నాము. తరువాతికాలమున కంపెనీవారి పద్ధతి వేఱు. మద్రాసు నీటిపారుదల కంపెనీ 1863, 1870 సంవత్సరముల నడుమ సుంకేసులవద్ద తుంగభద్ర కడ్డముగా ఆనకట్ట కట్టి కర్నూలు కడప కాలువను త్రవ్వించెను. పడవలును నడపి లాభము గడింప వలెనని వారి యూహ. లాభము రాలేదు, 1882లో ప్రభుత్వము దానిని కొనవలసివచ్చెను. కాలువ మాత్రము నేటికిని వరిమళ్లను తడుపుచున్నది.

అమెరికాలో ఫీనిక్సు అను ఎండపట్టణమున 1939లో ఎడారి వృక్షోద్యానము నొకదానిని తెఱచిరి. దానికి ముఖ్యముగా పాటుపడినవారిలో గెర్ట్రూడు వెబ్‌స్టరను స్త్రీ యొకతె. నీళ్లు త్రాగు పూలమొక్కలు కాక, ఎడారి నేలలకు సహజమైన మొక్కలనే అక్కడ పెంచి చూపుదురు. మనకును తంగేడు, బలుసు, రేగు, పరికి, కలివి, ఎఱ్ఱచందనము ఉన్నవి. రోళ్లపాడు గడ్డిబీడు బట్టమేకపిట్టకు నెలవని 1988లో రక్షితప్రదేశమైనది. నే డక్కడ ఆ పిట్ట కనబడుటే గగనము. లంకమల కొండలచెంత కలివికోడి యను పక్షి 1900 తరువాత ఎనుబది యాఱేండ్లు కనబడక, నశించినదనుకొన్న పిమ్మట 1986లో ఊరివారి సాయముతో దొరకెను. దాని కొఱకు తెలుగుగంగ కాలువ దారినే మార్చిరి. అది తిరుగునది ముండ్లపొదల బీడులోనే. ఎడారి యని, పనికిరాని పోరంబోకు అని మన మనునట్టి బీడు!

ఇక తిండిమాట వచ్చినది గావున నా అసలు ఫిర్యాదు చెప్పెదను. ఈ యాత్రలకు పొట్లములు కట్టునది ఎవరు? కర్నూలున ఉదయము ఉగ్గాని బజ్జీలు, మధ్యాహ్నమునకు పులిహోర, పెరుగన్నము, జొన్నరొట్టెలు, చెనిక్కాయలపొడి. కడపవైపు కారందోసెలు, సంగటి. అతిథులు మెచ్చుకొని పోదురు. తెల్లవాఱుజామున మూడుగంటలకు లేచి ఇవన్నియు చేసినవారు స్థానికసంఘముల వారి ఇల్లాండ్రు. బస్సు కదలునపుడు వారు వాకిట నిలిచి చేయి యూపుదురు. జమ్మలమడుగున నాకు తెలిసిన గృహిణి యొకామె వరుసగా మూడేండ్లు ఇట్లు అతిథులకు భోజనము లమర్చెను. కోట ఆమె యింటికి పదునైదు కిలోమీటర్లు. ఆమె గండిని చూడలేదు! పెండ్లియై వచ్చి ఇరువదియేండ్లు. అడిగినచో, “మగవాళ్లు పోతారు, బయటివాళ్లు పోతారు, మనకు తీరికేదక్కా?” అనెను.

గత శీతకాలమున బస్సులో రెండు స్థానములు మిగిలినవని బలవంతముగా ఆమెను ఎక్కించితిని. అందఱును గండివైపు పరుగెత్తగా ఆమె ధాన్యాగారములో నిలిచి, ఇంత ధాన్యమునకు పురుగు పట్టకుండ ఏమి చేసెడివారని మార్గదర్శకుని అడిగెను. రాయలచెఱువువద్ద, ఇంత యెత్తునకు నీ రెట్లు వచ్చెనని అడిగెను. అతడు రాజుల పేర్లును తారీఖులును గడగడ చెప్పగలడు గాని ఈ రెండింటికిని జవాబు చెప్పలేకపోయెను. చుట్టునున్న ప్రతినిధులలో నొక నేలశాస్త్రపు అధ్యాపకురాలు ముందుకు వచ్చి, వీరిద్దఱును కట్టమీద కూర్చుండి అరగంట మాటలాడిరి. వేపాకు, బూడిద, పాతరలు, కొండపై వాననీరు దిగు వాలు. మార్గదర్శకుడును కూర్చుండి విన్నాడు.

కావున సభలు జరుపువారితో సంబంధము గల సోదరీమణు లీ మాఘమున ముందుగానే అడిగి పెట్టవలెను: ప్రతి బస్సులోను నాలుగు స్థానములు స్థానికస్త్రీలకు, పొట్లములు భోజనశాలలో డబ్బిచ్చి కట్టించుట, దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడ గలదో ముందే విచారించి పత్రికలో వ్రాయుట, నీళ్లసీసాలకు బదులు ఎవరి చెంబు వారు తెచ్చుకొని బస్సులోని పెద్ద క్యానునుండి నింపుకొనుట. మైదుకూరు మీదుగా పోరుమామిళ్లకు బస్సుదారి గలదు. చెఱువుకట్టమీద నీడ తక్కువ గావున ఉదయము పదిగంటలలోపుననే చేరుట మంచిది.