చెవి ఆపరేషన్ అయ్యింది, మరి వినికిడి?

"అతుకు చక్కగా అంటుకుంది, చీము ఆగింది" అని డాక్టరుగారు చెబుతారు. అదే రోగి మా దగ్గరకు వచ్చి "ఏమోనమ్మా, వినడంలో నాకేమీ తేడా తెలియడం లేదు" అంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఇలా ఎందుకవుతుందో ఆపరేషన్‌కు ముందే ఇంటివారందరికీ చెప్పాలని మా అభిప్రాయం.

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు చెందిన స్మిత్, ప్యాటర్సన్ అనే వైద్యులు 1985లోనే ఈ సంగతి వ్రాశారు. ఆపరేషన్ చేసిన చెవి 30 డెసిబెల్స్ లోపు శబ్దాన్ని వినగలగాలి, లేదా రెండు చెవుల మధ్య తేడా 15 డెసిబెల్స్ లోపుకు రావాలి. అప్పుడే రోగికి మేలు తెలుస్తుందని వారి లెక్క. ఉదాహరణకు ఒక చెవి బాగానే ఉంది, 20 దగ్గర వింటుంది. రెండవది ఆపరేషన్ వలన 60 నుండి 45కు వచ్చింది. కాగితం మీద ఇది లాభమే గాని, మనిషి ఎప్పటిలాగే మంచి చెవితోనే వింటాడు. అదే రెండవ చెవి కూడా 50లో ఉన్నవారికయితే ఆ 15 డెసిబెల్స్ చాలా విలువైనవి. గుడిలో వెనుక బెంచీ నుండి ముందుకు జరిగినట్లుంటుంది!

కాబట్టి "ఆపరేషన్ చేస్తే వినబడుతుందా?" అని మాత్రమే అడగకండి. రెండవ చెవి ఎంత వింటుంది, లోపలి నరం ఎలా ఉంది అని కూడా అడగండి. నరం దెబ్బతింటే ఈ ఆపరేషన్ దానిని బాగుచేయదు. అరుదుగానైనా, ఉన్న వినికిడి తగ్గే అవకాశం ఉంది. అది దాచి సంతకం పెట్టించుకోవడం సరికాదు. ఇక ఎముకను తినే కొలెస్టియటోమా ఉన్నవారి విషయం వేరు. అది మెదడు వరకు ప్రాకగలదు గనుక దానిని తీసివేయడమే ముఖ్యం, వినికిడి తరువాతి మాట.

ప్యాకింగ్ తీసిన రోజే చెవి దగ్గర గడియారం పెట్టి చూసుకునేవారున్నారు. లోపల ఉంచిన జెలటిన్ స్పాంజి కరగడానికి కొన్ని వారాలు పడుతుంది, వాపు కూడా తగ్గాలి. సుమారు మూడు నెలలకు చేసే వినికిడి పరీక్షే లెక్క. చీము ఆగింది గదా అని చాలామంది దానికి రారు. పాత పరీక్ష కాగితం పట్టుకుని తప్పక రండి, రెండూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

అప్పటికీ వినికిడి చాలకపోతే మిషను పెట్టుకోవచ్చు. ఆపరేషన్ వృథా అయిందని కొందరు బాధపడతారు. కానీ చీము కారే చెవిలో మిషను పెట్టుకోవడం ఎంత ఇబ్బందో పెట్టుకున్నవారికి తెలుసు. ఆరిన చెవిలో అది హాయిగా ఉంటుంది.