సమ్మతి మాతృభాషలో నుండవలెను

గతౌరా బిలాసపురము చెంత, హౌరానుండి నాగపురము మీదుగా ముంబయి పోవు రైలుమార్గముపై నున్న చిన్న స్టేషను. బిలాసపురపు రైల్వే కాలనీలలో తాతల నాడు ఉద్యోగార్థమై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు నేటికిని కలవు. బజారున హిందీ, ఇంట తెలుగు వారి వాడుక. అట్టి యింట నొకరికి రక్తపు కాన్సరు మందులకు లొంగక తిరుగబెట్టినచో, వారు ముంబయి బండి నెక్కుదురు. కాన్సరు రోగికి స్లీపరు తరగతిలో రైలుఛార్జీ లేదు. అచ్చట నొక పత్రముపై సంతకము చేయుటయే కష్టమైన పని.

ఆ పత్రము కణచికిత్సా ప్రయోగమునకు సంబంధించినది. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత. కాన్సరు కణము అట్టి ఇంటిదొంగ. రోగి రక్తమునుండి టి కణములను వేరుచేసి, ఆ దొంగ ఆనవాలు తెలియునట్లు జన్యుమార్పు గావించి, వానిని వృద్ధిచేసి, తిరిగి రక్తములోనికి ఎక్కింతురు. దీనికే కార్-టి చికిత్సయని పేరు.

మన దేశమున ఈ చికిత్స ప్రథమముగా 2021 జూన్ 4వ తేదీన టాటా స్మారక కేంద్రమున జరిగినది. బొంబాయి ఐ.ఐ.టి.తో కలసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి లభించినది. 2025లో ప్రకటితమైన ఫలితములనుబట్టి, ప్రయోగమున చేరినవారు 64 మంది. ఫలితము పరిశీలింపదగిన 51 మందిలో 37 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టినది. చికిత్స కారణముగానే ఇద్దరు మరణించిరి. ఈ రెండు వాక్యములును రోగి వినవలసినవే. ప్రయోగమనగా ఇంకను సమాధానము దొరకని ప్రశ్న. అది వరమును కాదు, మోసమును కాదు.

ప్రాణాపాయమున నున్నవానికి ఇన్ని వివరములు భయమునే కలిగించుననియు, వైద్యుని నమ్మిన చాలుననియు కొందరందురు. నమ్మకము మంచిదే. కాని తెలియక చేసిన సంతకము నమ్మకము కాదు, నిస్సహాయత. రోగికి బోధపడు భాషలో వివరింపవలెనని 2019 నాటి ఔషధప్రయోగ నియమములు శాసించుచున్నవి. బజారున బేరమాడుటకు చాలిన హిందీ, ప్రాణము పణముగా నొడ్డుటకు చాలదు. ఆసుపత్రి మంచము చెంత మనుమడు అవ్వకు పత్రమును తెనిగించునప్పుడు, మరణమును గూర్చిన వాక్యమును ప్రేమచేతనే విడిచిపెట్టును. ఆ వాక్యమును చదివి వినిపింపవలసిన బాధ్యత బాలునిది కాదు, ఆసుపత్రిది.

కావున దూరప్రాంతముల రోగులను చేర్చుకొను ప్రతి ఆసుపత్రియు తెలుగు పత్రమును, తెలుగు తెలిసి వివరించువారిని సిద్ధముగా నుంచవలెను. రైలెక్కుటకు ముందే స్థానిక వైద్యులు రోగికి ఈ విషయములు తెలుపుట మరియు మేలు.

రోగియు నాలుగు ప్రశ్నలు వేయవలెను: ఈ ప్రయోగము ప్రభుత్వ పట్టికలో నమోదైనదా? వేరు చికిత్స యేమి కలదు? హాని కలిగినచో ఉచిత వైద్యము, నష్టపరిహారము ఎవరిత్తురు? నడుమ మానుకొన్నచో నా వైద్యమునకు భంగము కలుగునా? వీనికి తన భాషలో జవాబు విని, ఇంటివారితో ఆలోచించి, పిమ్మట కలము పట్టవలెను. వలదనుటయు రోగి హక్కే.