దోర్నకల్‌కు సృష్టికథ కొత్తదా?

మహబూబాబాద్ ప్రాంతపు క్రైస్తవాన్ని గురించిన చర్చల్లో తరచుగా వినిపించే వాదన ఒకటుంది: ఆదికాండం వచ్చాకే మాల మాదిగలకు తమ పుట్టుకను గౌరవంగా చెప్పే కథ దొరికిందని. ఈ వాదన నిలవదు. చిందు కళాకారులు ఆడే జాంబపురాణంలో ఆదిజాంబవుడు భూమికన్నా ముందు పుట్టినవాడు. ఆ పురాణం ఉండగా మాదిగలకు సృష్టికథ లేదనడం, దానిని సాహిత్యంగా చదవని అలవాటు ఫలితమే.

రెండో పక్షం 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ను చూపుతుంది. హిందూ, ముస్లిం శిల్పరీతులు కలిసిన ఆ కట్టడంతో బైబిలు దేశీయమైందంటుంది. 1912లో బిషప్ అయిన అజరయ్య దృష్టి గొప్పదే. కాని స్తంభాలూ గుమ్మటాలూ కథనస్వభావానికి రుజువులు కాజాలవు.

బైబిలు ప్రత్యేకత సృష్టిని విమోచనతో ముడివేసిన తీరులో ఉంది. మంచిదిగా సృష్టించబడిన లోకం పతనమవుతుంది. కథ నిర్గమాన్నీ సిలువనూ దాటి కొత్త ఆకాశం, కొత్త భూమి దాకా ఒకే దిశగా సాగుతుంది. జనగామ జిల్లా బమ్మెర గ్రామంతో ముడిపడిన పోతన గజేంద్రమోక్షం దీనికి సమానమని తేల్చడం (తులనాత్మక వ్యాసాల్లో ఇదొక ఆచారమైంది) తొందరపాటు. గజేంద్రుడు గట్టెక్కాడు, మడుగు మాత్రం మడుగుగానే మిగిలింది. బైబిలు విమోచన మడుగునే మార్చజూస్తుంది.

జాంబపురాణం గతంలోని పెద్దరికాన్ని చెబుతుంది, ప్రకటన గ్రంథం రాబోయే న్యాయాన్ని. మొదటిది విన్న చెవి రెండోదాన్ని ఎలా విన్నది? జనగామ నుంచి భూపాలపల్లి దాకా తిరిగే పరిశోధకులు అడగవలసిన ప్రశ్న ఇది. అందుకు ముందుగా చిందు కథాపాఠాలూ పల్లె ప్రార్థనాగీతాలూ ఒకే బల్లమీదికి రావాలి.