కోటు జేబులో ఒక్క రేణువు

తుపాకీ పేలినప్పుడు తూటా అడుగున ఉండే ప్రైమర్‌లోని సీసం, బేరియం, యాంటిమొనీ ఆ వేడికి ఆవిరై, వెంటనే చల్లారి, కంటికి ఆనని గుండ్రటి రేణువులుగా చేతుల మీద, బట్టల మీద పడతాయి. జిగురున్న చిన్న బిళ్లతో వాటిని అద్ది తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడతారు. ఎలక్ట్రాన్లు తగలగానే ఒక్కో మూలకం తనదైన శక్తితో ఎక్స్‌రే కిరణాలు వెదజల్లుతుంది. మూడు మూలకాలూ ఒకే రేణువులో కనిపిస్తే అది తుపాకీదేనని దాదాపు నమ్మకంగా చెప్పవచ్చు. అంతవరకూ నాకు పేచీ లేదు. అది అక్కడికెలా చేరిందో మాత్రం ఎక్స్‌రే చెప్పలేదు. కోర్టుకు కావలసింది ఆ జవాబే.

బీబీసీ వ్యాఖ్యాత జిల్ డాండోను 1999 ఏప్రిల్ 26న లండన్‌లో ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. దాదాపు ఏడాది తర్వాత అనుమానితుడు బారీ జార్జ్ ఇంట్లో స్వాధీనం చేసుకున్న కోటు జేబులో ఒకే ఒక్క రేణువు దొరికింది. దాని పరిమాణం మిల్లీమీటరులో సుమారు వందో వంతు. 2001లో జ్యూరీ అతణ్ని దోషిగా తేల్చింది. 2007లో అప్పీలు కోర్టు ముందు శాస్త్రవేత్తలు అసలు లెక్క విప్పారు. అతనే కాల్చి ఉంటే అలాంటి రేణువు దొరికే అవకాశం వందలో ఒకటి. అతను కాల్చకపోయినా, మరెక్కడి నుంచో అంటుకుని దొరికే అవకాశమూ వందలో ఒకటే. అంటే ఆ రేణువు ఎటువైపూ మొగ్గదు. శిక్ష రద్దయింది. 2008 పునర్విచారణలో రేణువును సాక్ష్యంగా అనుమతించలేదు, అతను నిర్దోషిగా విడుదలయ్యాడు. అప్పటికే ఎనిమిదేళ్లు జైల్లో గడిచిపోయాయి.

అలాగైతే ఈ పరీక్షే మానెయ్యాలా అని పోలీసులు అడగవచ్చు. అక్కర్లేదు. కాల్పులు జరిగిన కాసేపటికే పట్టుకున్న మనిషి చేతుల మీద బోలెడు రేణువులు దొరికితే దాని బరువు వేరు. అప్పుడు కూడా, తుపాకీ పట్టే పోలీసు చేతి నుంచో, జీపు సీటు నుంచో అంటలేదని చూసుకోవాలి. సాక్ష్యాన్ని తూచడం న్యాయమూర్తుల పని, ల్యాబ్‌ది కాదన్న వాదన ఉంది. నిజమే, కానీ తక్కెడలో రెండో సిబ్బె ఖాళీగా ఉంటే ఎవరు మాత్రం ఏం తూచగలరు? 2001 జ్యూరీకి ఆ రెండు అంకెలూ పక్కపక్కన అందలేదు. మన దగ్గర ఈ జాగ్రత్త మరింత అవసరం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఫోరెన్సిక్ నిపుణుణ్ని బోనెక్కించకుండానే ఆయన నివేదికను సాక్ష్యంగా తీసుకోవచ్చు. అందుకే రేణువు దొరికిందని ఒక్క ముక్కలో తేల్చెయ్యకుండా, ఎన్ని దొరికాయో, కాల్పులయ్యాక ఎంతసేపటికి అద్ది తీశారో, మరో దారిన చేరే అవకాశమెంతో ఆ కాగితంలోనే రాయాలి.