నేర్పే చేతికి చదువేది?

గద్వాలలో గానీ నాగర్‌కర్నూల్‌లో గానీ ఏ సెలూన్‌లోనైనా కాసేపు కూర్చుంటే కొత్తగా పనిలో చేరిన యువకుడు ఒకడు కనిపిస్తాడు. నేల ఊడుస్తాడు, గడ్డానికి నురగ పట్టిస్తాడు, వెనక అద్దం పట్టి నిలబడతాడు. "అట్లెందుకు కోసినవన్నా?" అని అడిగితే మాస్టర్ చెప్పే జవాబు "చూసి నేర్చుకో" అనే.

అది చెప్పడం ఇష్టంలేక కాదు. నడినెత్తిన సుడి దగ్గర వెంట్రుక ఎటు తిరిగిందో చూడకుండా కురచ చేస్తే అది లేచి నిలబడుతుంది. అక్కడికి రాగానే మాస్టర్ చెయ్యి తనంతట తానే నెమ్మదిస్తుంది. ఎందుకు నెమ్మదించిందో విడమరిచి చెప్పడం మాత్రం వేరే విద్య, అది ఆయనకు ఎవరూ నేర్పలేదు. బోధకుడి శిక్షణ అంటే ఇదే: పనిని అంచెలుగా విడగొట్టడం, తప్పు ఎక్కడ జరుగుతుందో ముందే పసిగట్టడం, దాన్ని మాటల్లో పెట్టడం. బెలూన్‌కు నురగ రాసి, పగలకుండా కత్తితో గీయించే అభ్యాసం ఉంది. చెయ్యి ఎంత బరువు వేస్తోందో ఎవరి బుగ్గా తెగకుండానే తెలిసిపోతుంది. మనిషి మనిషికీ బ్లేడు ఎందుకు మార్చాలో, హెపటైటిస్-బి రక్తం ద్వారా ఎలా సోకుతుందో కూడా ఈ పాఠంలో భాగమే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనను. 2021 నుంచి మన తెలంగాణలో సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇస్తున్నారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షౌరవృత్తి ఒకటి. శిక్షణలో రోజుకు 500 రూపాయల చొప్పున భృతి, పనిముట్లకు 15 వేలు. మంచిదే. కానీ ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషి అక్కడ కూడా బెంచీ మీద కూర్చునే అభ్యర్థే.

ఐటీఐ బోధకులను తయారుచేసే ఏడాది కోర్సు సీఐటీఎస్‌లో కాస్మెటాలజీ ఉంది. చేరాలంటే ఐటీఐ సర్టిఫికెట్టో, డిప్లొమానో, డిగ్రీనో చూపాలి. బడి మానేసి తండ్రి పక్కన నిలబడి పని నేర్చినవాడు ఏం చూపగలడు? 1893లో ఎ.బి. మోలర్ షికాగోలో క్షౌరవిద్యకు బడి తెరిచాడు. ఇవాళ అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ విద్య నేర్పాలంటే ముందు ఆ పని చేసే లైసెన్సు ఉండాలి, ఆపైన బోధకుడి శిక్షణ పొందాలి. చేతిపనిని అర్హతగా లెక్కించే పద్ధతి అది. నాకు నచ్చింది ఆ వరుసే.

ఊళ్లో ఇంకా కులం పేరుతోనే కేకేసి పిలిపించుకునే మనిషి తరగతి గదిలో బోర్డు ముందు నిలబడాలి. ఇది జీతం ఒక్కదాని సంగతి కాదు. నాయీబ్రాహ్మణుల తరాల అనుభవం ఉండగా, దాన్ని సర్టిఫికెట్ లేదన్న సాకుతో పక్కనపెట్టి, రేపు పెద్ద కంపెనీల సెలూన్లు వచ్చాక ఆ మాస్టర్నే కూలికి పెట్టుకోవడం అన్యాయం.

వనపర్తిలో 1959 నుంచి పాలిటెక్నిక్ ఉంది. సాంకేతిక విద్య ఈ నేలకు కొత్త కాదు. గద్వాల, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల మాస్టర్లకు అక్కడే బోధన శిక్షణ పెట్టొచ్చు. మంగళవారం ఎలాగూ చాలా దుకాణాలు మూసే ఉంటాయి కాబట్టి తరగతులు ఆ రోజే జరపాలి, భృతి ఇవ్వాలి, పాఠం తెలుగులో చెప్పాలి. చివర్లో కాగితం మీద పరీక్ష వద్దు. కత్తెర ఎన్నడూ పట్టని ఒకరిని ముందు కూర్చోబెట్టి, దువ్వెన మీద కత్తెర ఆడించడం నేర్పించి చూపమనాలి.